కారు షాకప్ కారుతుంటే: ఇంట్లో విప్పడమా, ఆటోనగరా, షోరూమా?

వాటర్ సర్వీసింగ్‌లో కారు లిఫ్టు మీద ఉండగా, కింద పైపు పట్టుకున్న పిల్లగాడు "సార్, వెనక షాకప్ కారుతున్నది" అంటాడు. ఇక అక్కడి నుంచి అన్నీ సలహాలే. ఆయిల్ పోసి వెల్డింగ్ కొట్టిస్తే సరిపోతుందంటాడు పక్కింటాయన. బావమరిది ఫోన్‌లో వీడియో చూపించి, ఆదివారం మనమే మార్చేద్దాం బావా అంటాడు. షోరూంకు ఫోన్ చేస్తే నాలుగూ మార్చాలంటారు. ఆఫీసులో ఒకాయన మాత్రం "నాది రెండేండ్ల సంది కారుతనే ఉన్నది, ఏమైతది?" అని చాయ్ తాగుతుంటాడు.

ఈ నాలుగు మాటల్లో ఒకటి దాదాపు ఎవరికీ పనికిరాదు. మిగతా మూడూ ఏ చక్రం, ఏ బండి, ఏ దారి అన్నదాన్ని బట్టి ఉంటాయి. నా లెక్క ముందే చెప్తాను. ఇంట్లో చేసుకునే పనుల్లో అన్నిటికంటే పైసలు మిగిల్చేది పానా పట్టడం కాదు, సరిగ్గా చూసుకోవడం. ఏది కారుతోంది, ఎంత కారుతోంది, ఏ సామాను కొనాలి, ఎవరితో బిగించుకోవాలి అన్నది మీరే తేల్చుకుంటే మెకానిక్ ముందు బిక్కమొహం వేసుకుని నిలబడే పని ఉండదు. ఇక చేతిపని సంగతి అంటారా, చాలా బండ్లలో వెనక షాకప్‌లు ఇంట్లో మార్చుకోవచ్చు. ముందువాటిలో స్ప్రింగు పని మాత్రం ఇంట్లో వద్దు.

## కారేది షాకప్పేనా, ముందు అది తేల్చండి

షాకప్ అంటే ఆయిల్ నిండిన గొట్టం. చిన్న చిన్న దారులు, వాల్వులు ఉన్న పిస్టన్ లోపల పైకీ కిందికీ ఆడుతుంటే, ఆయిల్ ఆ ఇరుకు సందుల్లోంచి తోసుకుపోతూ స్ప్రింగు ఊపునంతా వేడిగా మార్చేస్తుంది. ఇప్పటి బండ్లలో చాలావాటికి ఆయిల్‌తో పాటు నైట్రోజన్ గ్యాసు కూడా నింపుతారు, ఆయిల్ నురగ కట్టకుండా ఉండటానికి. స్ప్రింగు బరువు మోస్తుంది, షాకప్ ఊపు ఆపుతుంది. ఈ ఒక్క తేడా తెలియక పైసలు పోగొట్టుకునేవాళ్లు చాలామంది. బండి వెనక కుంగిపోయిందని షాకప్‌లు మార్చిస్తారు. మార్చినా బండి లేవదు, ఎందుకంటే కుంగింది స్ప్రింగు.

రాడ్డు గొట్టంలోంచి బయటికొచ్చేచోట రబ్బరు సీలు ఉంటుంది. కారడమంటే దాదాపుగా అక్కడి నుంచే. రాడ్డు లోపలికీ బయటికీ ఆడేటప్పుడు సన్నటి ఆయిల్ పొర దాన్ని పట్టుకుని వస్తుంది. సీలు ఎండిపోకుండా ఉండాలంటే ఆ పొర ఉండాల్సిందే. కాబట్టి గొట్టం పైభాగంలో కొంచెం చెమ్మ, దానికి అంటుకున్న దుమ్ము కనబడితే భయపడాల్సిన పని లేదు. అదే గొట్టం పైనుంచి కింది కొసన బోల్టు దూరే రబ్బరు బుష్ దాకా తడిసి, దుమ్ము నల్లగా ముద్దలా అట్టకట్టి, గోటితో గీస్తే ఆ అట్ట ఊడివచ్చి అడుగున తడిగా మెరుస్తుంటే అది కారడమే. సందేహం ఉంటే గుడ్డకు కొంచెం కిరోసిన్ అద్ది గొట్టాన్ని శుభ్రంగా తుడిచేయండి. రబ్బరు బుష్‌లకూ బ్రేకులకూ అంటనివ్వొద్దు. ఒక వంద, రెండు వందల కిలోమీటర్లు తిరిగాక మళ్లీ చూడండి. పొడిగా ఉంటే వదిలేయండి. తిరిగి తడిసి ఉంటే సీలు పోయినట్టే. వాటర్ సర్వీసింగ్ అయిన వెంటనే మాత్రం ఏదీ నిర్ణయించొద్దు, అప్పుడు అన్నీ తడిగానే ఉంటాయి.

చక్రం దగ్గర తడి కనబడితే షాకప్పే అనుకోవడం ఇంకో పొరపాటు. వెనక చక్రం లోపలివైపు, డ్రమ్ము అడుగున తడి ఉంటే అది బ్రేక్ ఆయిల్ కావచ్చు. బానెట్ ఎత్తి బ్రేక్ ఆయిల్ డబ్బా మట్టం చూడండి. గుర్తు కంటే కిందికి దిగి ఉంటే షాకప్ ముచ్చట పక్కనపెట్టి, బండిని అక్కడే నిలిపి మెకానిక్‌ను ఇంటికి పిలవండి. ముందు చక్రం లోపల చిక్కటి నల్ల గ్రీజు చిమ్మినట్టు ఉంటే అది యాక్సిల్ రబ్బరు బూట్ చిరగడం. ఆ రిపేరు వేరు. ఇక పాత బండ్లలో పవర్ స్టీరింగ్ ఆయిల్ కూడా దగ్గరదగ్గరే కారుతుంది.

షాకప్ కారుతోందని తేలాక, దానిలో ఇంకా ప్రాణముందా లేదా చూడాలి. బండి నిలిపి ఆ మూలన రెండు చేతులతో గట్టిగా కిందికి నొక్కి వదలండి. ఒకసారి పైకి లేచి కుదురుకుంటే ఫరవాలేదు. రెండు మూడు సార్లు ఊగితే ఆయిల్ చాలా పోయింది. తర్వాత టైరు మీద అరచేయి పెట్టి చుట్టూ నిమరండి. అక్కడక్కడా లోతుగా అరిగి, చేతికి ఎగుడుదిగుడుగా తగిలితే, ఆ షాకప్ చాలా రోజులుగా చక్రాన్ని రోడ్డుకు అదిమి పెట్టలేకపోతున్నదన్నమాట. చెయ్యి నిమిరితే తెలిసేది కంటితో చూస్తే తెలియదు.

## దేన్ని బట్టి ఎంచుకోవాలి

మొదట చూడాల్సింది స్ప్రింగు. షాకప్, స్ప్రింగు ఒకదానిలో ఒకటి ఉన్నాయా, పక్కపక్కన విడిగా ఉన్నాయా? మన కార్లలో ముందు చక్రాలకు ఎక్కువగా ఉండేది మాక్‌ఫర్సన్ స్ట్రట్. 1950 నాటి ఫోర్డ్ కార్లతో వాడుకలోకొచ్చిన ఏర్పాటు అది. షాకప్ చుట్టూ స్ప్రింగు నొక్కిపెట్టి ఉంటుంది. వెనకవైపు స్విఫ్ట్, డిజైర్, వ్యాగనార్, బలెనో లాంటి వాటిలో స్ప్రింగు వేరు, షాకప్ వేరు. బొలెరోకు వెనక కమాన్ పట్టీలుంటాయి, కాబట్టి షాకప్ విడిగానే ఉంటుంది. ఇండికాలో మాత్రం వెనక కూడా షాకప్ మీదే స్ప్రింగు కూర్చుంటుంది. మీ బండి సంగతి తెలియకపోతే చక్రం వెనక టార్చ్ కొట్టి చూడండి, ఒక్క నిమిషం పని. ఏది ఇంట్లో చేయొచ్చు, ఏది వద్దు అన్నది ముప్పాతిక వంతు ఇక్కడే తేలిపోతుంది.

రెండోది దారి, బరువు. హన్మకొండ, సుబేదారి, కాజీపేట మధ్య తిరిగే బండికి స్పీడ్ బ్రేకర్లే పెద్ద శత్రువులు. ములుగు మీదుగా ఏటూరునాగారం వైపు వెళ్లే బండ్ల సంగతి వేరు, భూపాలపల్లి, గోదావరిఖని బొగ్గు లారీల వెంట, కరీంనగర్ గ్రానైట్ లారీల వెంట నడిచే బండ్ల సంగతి వేరు. బరువు లారీలు తొక్కితొక్కి కుంగిన రోడ్డు మీద షాకప్‌కు నిమిషం విశ్రాంతి ఉండదు. ఎండకాలం నలభై నాలుగు, నలభై అయిదు డిగ్రీల్లో ఆయిల్ పలచబడుతుంది, అరిగిన సీలు దగ్గర కారడం మొదలయ్యేది అప్పుడే. వానకాలంలో బురద రాడ్డుకు పట్టి ఎండిపోయి, సీలును గీకుతుంది. రాడ్డును కప్పే డస్ట్ కవర్ చిరిగిందంటే షాకప్ ఆయుష్షు మూడినట్టే.

మూడోది, ఆ బండి ఇంకెన్నాళ్లు ఉంచుకుంటారన్నది. దీన్ని ఎవరూ అడగరు గానీ ఖర్చు నిర్ణయించేది ఇదే. నాలుగోది స్థలం. గట్టి సిమెంటు నేల, నీడ, ఒక పూట తీరిక, రెండు జాకీ స్టాండ్లు. వీటిలో ఏ ఒక్కటి లేకపోయినా ఇంటి పని మానుకోండి.

## ఒక చూపులో

| దారి | ఖర్చు | ఎన్నాళ్లు నిలుస్తుంది | ప్రమాదం | ఎవరికి |
|---|---|---|---|---|
| చెమ్మ మాత్రమే ఉంటే గమనిస్తూ నడపడం | ఏమీ లేదు | నెలలూ కావచ్చు, ఏళ్లూ కావచ్చు | తక్కువ, చూస్తూ ఉంటేనే | అందరికీ |
| ఆయిల్ పోసి వెల్డింగ్ | అన్నిటికంటే తక్కువ | నమ్మకం లేదు | ఎక్కువ | దాదాపు ఎవరికీ వద్దు |
| వెనకవి ఇంట్లో మార్చడం | సామాను ఖర్చు మాత్రమే | కొత్తదానంత | జాగ్రత్తగా చేస్తే తక్కువ | పనిముట్లు, ఓపిక ఉన్నవారికి |
| ముందువి పూర్తిగా ఇంట్లో | సామాను, స్ప్రింగు కంప్రెసర్ (స్ప్రింగును నొక్కిపట్టే పనిముట్టు), చక్రాల అలైన్‌మెంట్ | కొత్తదానంత | చాలా ఎక్కువ | ఎవరికీ వద్దు |
| సామాను మనది, లేబర్ మెకానిక్‌ది | మధ్యస్తం | కొత్తదానంత | తక్కువ | ఎక్కువమందికి |
| షోరూం | అన్నిటికంటే ఎక్కువ | కొత్తదానంత | తక్కువ | వారంటీ ఉన్న బండ్లకు |

## అలాగే నడపడం

చెమ్మ మాత్రమే ఉంటే నడపండి. నెలకోసారి అరచేయి పరీక్ష, నొక్కి వదిలే పరీక్ష చేసుకుంటే చాలు. నిజంగా కారుతుంటే మాత్రం "ఏమైతది?" అనే ఆఫీసాయన మాట వినకండి. గతుకు మీద చక్రం ఎగిరినంతసేపు టైరుకు రోడ్డు అందదు. రోడ్డుకు అందని టైరుతో బ్రేకు బండిని ఆపలేదు. పొడి రోడ్డు మీద నలభై స్పీడులో ఇది తెలియదు. వానలో, హైవే మీద, లారీ అడ్డమొచ్చినప్పుడు తెలుస్తుంది. పైగా కారిన ఆయిల్ బ్రేక్ డిస్కు మీదో టైరు మీదో పడితే ఆ చక్రానికి బ్రేకు సరిగా పట్టదు, బండి ఒక పక్కకు లాగుతుంది. షాకప్ మార్చడం వాయిదా వేసినవాళ్లు చివరికి టైర్లు కూడా కొంటారు.

కొందరు స్ప్రింగు చుట్టల మధ్య రబ్బరు బఫర్లు దూర్చి, బండి గట్టిపడింది కదా అని సంతోషపడతారు. స్ప్రింగు గట్టిపడితే దాని ఊపు ఆపడానికి షాకప్ ఇంకా ఎక్కువ కష్టపడాలి. కారే షాకప్‌కు అది మందు కాదు.

## ఆయిల్ పోసి వెల్డింగ్

ఈ ఆలోచన బైకుల నుంచి వచ్చింది. బైకు ముందు ఫోర్కు విప్పడానికి వీలుగానే చేస్తారు. ఆయిల్ తీసి, సీలు మార్చి, కొలిచి కొత్త ఆయిల్ పోసి బిగిస్తే అయిపోతుంది. పాతకాలం కార్ల స్ట్రట్లలో కొన్నిటికి కూడా పైన మరతో బిగించే మూత ఉండేది, దాన్ని విప్పి లోపలి సామాను మార్చేవాళ్లు. ఇప్పటి కారు షాకప్ అలాంటిది కాదు. ఫ్యాక్టరీలో ఆయిల్ కొలిచి, గ్యాసు నింపి, పై అంచును లోపలికి మడిచి శాశ్వతంగా మూసేస్తారు. దాన్ని విప్పడమంటే కోయడమే.

ఆటోనగర్‌లో చేసేదేమిటో దగ్గర నిలబడి చూస్తే అర్థమవుతుంది. గొట్టానికి రంధ్రం పెడతారు, ఉన్న గ్యాసు పోతుంది. కారింది ఎంతో, మిగిలింది ఎంతో తెలియదు కాబట్టి చేతి అంచనాతో ఆయిల్ పోస్తారు. ఏ ఆయిల్ అన్నది ఆ రోజు దుకాణంలో ఏముందో దాన్ని బట్టి. తర్వాత రంధ్రం మీద వెల్డింగ్. లోపల ఆయిల్, పక్కనే రబ్బరు సీలు, మీద వెల్డింగ్ మంట. కారడానికి కారణమైన సీలునేమో ముట్టుకోనే లేదు. రాడ్డు మీద గీత పడి ఉంటే ఆ గీత కూడా అలాగే ఉంది. గ్యాసు లేని ఆయిల్ గతుకుల రోడ్డు మీద కొద్దిసేపటికే నురగ కడుతుంది. నురగ ఊపును ఆపలేదు. మొదటి వారం బండి గట్టిగా అనిపిస్తుంది, మెకానిక్ చెప్పింది నిజమే అనిపిస్తుంది. తేడా తెలిసేది తర్వాత.

ఇంట్లో డ్రిల్లు పెట్టి ఈ పని చేద్దామనుకునేవాళ్లకు ఒక మాట. కొన్ని షాకప్‌లలో, ముఖ్యంగా ఒకే గొట్టం ఉండే రకంలో, గ్యాసు ఇరవై బార్లకు పైగా ఒత్తిడితో ఉంటుంది. మీ కారు టైరులో ఉండేది రెండు బార్ల పైచిలుకు. అలాంటిదాన్ని మొహం ముందు పెట్టుకుని రంధ్రం పెట్టొద్దు, మంట పెట్టొద్దు. లీకు ఆపే మందు అని సీసాల్లో అమ్మేవి కూడా ఇక్కడ పనికిరావు, పోయడానికి దారే లేదు కదా.

వెల్డింగ్ షాకప్‌తో బండి నడిపించేవాళ్లు మన దగ్గర చాలామంది ఉన్నారు. రోజు గడవాలి, అర్థం చేసుకోగలను. అయినా ముందు చక్రాలకు మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ వద్దు. స్టీరింగ్ తిరిగేదీ, బ్రేకు వేస్తే బరువంతా వచ్చి పడేదీ వాటి మీదే.

పాత సామాన్ల దుకాణంలో తీసిన షాకప్ కూడా ఇలాంటిదే. ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో, ప్రమాదం జరిగిన బండిదో కాదో ఎవరూ చెప్పలేరు. బానెట్టో డోరో అయితే పాతది కొనొచ్చు. షాకప్ కొనొద్దు.

## వెనకవి ఇంట్లో మార్చుకోవడం

షాకప్, స్ప్రింగు విడిగా ఉన్న బండ్ల మాట ఇది. బావమరిదిని పిలవాల్సింది ఈ పనికే.

బండిని గట్టి సిమెంటు నేల మీద పెట్టండి. నల్లరేగడి మట్టి మీద, మే నెలలో మెత్తబడిన తారు మీద జాకీ స్టాండ్లు దిగబడతాయి. వెనక చక్రాలు లేపేటప్పుడు హ్యాండ్ బ్రేకు బండిని ఆపదు, ఎందుకంటే అది పట్టేది వెనక చక్రాలనే. కాబట్టి బండిని గేరులో ఉంచి, ముందు చక్రాలకు రెండువైపులా చెక్క దిమ్మలు అడ్డం పెట్టండి. చక్రం నేల మీద ఉండగానే దాని నట్లు వదులు చేయండి. బండితో వచ్చే జాకీ స్టెప్నీ మార్చడానికి మాత్రమే. దాని మీద నిలబెట్టిన బండి కిందికి చెయ్యి కూడా పెట్టొద్దు.

కంపెనీ చెప్పిన చోట స్టాండు పెట్టి, చక్రం తీసి, రెండో జాకీతో వెనక యాక్సిల్ బీమును (రెండు వెనక చక్రాలను కలిపే అడ్డ దూలాన్ని) కింద నుంచి ఆనించండి. వీడియోల్లో దీన్ని చాలామంది దాటేస్తారు. ఈ బండ్లలో చక్రం ఎంత కిందికి వేలాడాలో ఆపేది షాకప్పే. దాని బోల్టు తీయగానే బీము కిందికి జారి, స్ప్రింగు ఊడి పడొచ్చు, బ్రేకు గొట్టం లాగుడు పడొచ్చు. అందుకే ఒకసారి ఒక పక్కే విప్పాలి. రెండో పక్క అలా ఉంటేనే ఏది ఎలా బిగించి ఉందో చూసి పోల్చుకోవచ్చు కూడా.

కింది బోల్టు తుప్పు పట్టి ఉంటుంది. ముందు రోజు రాత్రే తుప్పు వదిలించే స్ప్రే కొట్టి ఉంచితే పొద్దున పని తేలికవుతుంది. పై నట్టు కొన్ని బండ్లలో చక్రం గూటిలోంచి, కొన్నిటిలో డిక్కీ లోపలి అట్ట తీస్తే అందుతుంది. నట్టు తిప్పుతుంటే రాడ్డు కూడా దాంతో పాటే తిరుగుతుంది. అప్పుడు రాడ్డు కొసన చదునుగా చేసిన చోట చిన్న పానాతో పట్టుకోవాలి. మెరిసే రాడ్డును కటింగ్ ప్లేయర్‌తో పట్టుకున్నారంటే కొత్త షాకప్‌ను మీ చేత్తోనే పాడు చేసుకున్నట్టు. పంటి గాటు పడిన రాడ్డు ఆడిన ప్రతిసారీ సీలును కోస్తుంది, కొద్ది నెలల్లో అదీ కారుతుంది. కొత్తది త్వరగా కారిందని కంపెనీని తిట్టేవాళ్లు ఒకసారి రాడ్డు చూసుకోవాలి.

కొత్త షాకప్ పెట్టెలో అడ్డంగా పడుకుని వస్తుంది. బిగించే ముందు నిటారుగా పట్టుకుని నాలుగైదు సార్లు పూర్తిగా నొక్కి, లాగండి. రెండు గొట్టాల రకంలో పక్కకు చేరిన గాలి బయటికి వస్తుంది. మొదట్లో మధ్యలో జారినట్టు అనిపించి, తర్వాత ఒకే బిగువుతో ఆడితే సిద్ధమైనట్టు. గ్యాసు రకమైతే కట్టిన తాడు కోయగానే రాడ్డు తనంతట తానే బయటికొస్తుంది, మొహం దూరంగా పెట్టుకోండి.

ఆఖరి బిగింపు ఎప్పుడన్నది చాలామందికి తెలియదు. కింది రబ్బరు బుష్ బోల్టును చక్రం గాల్లో వేలాడుతుండగా పూర్తిగా బిగించొద్దు. ఆ మెలికలోనే రబ్బరు బిగుసుకుని, బండి దించగానే ఎప్పుడూ లాగుడులో ఉండి త్వరగా చిరుగుతుంది. వదులుగా పెట్టి, బండి బరువు చక్రాల మీద పడ్డాక బిగించాలి. ఎంత బిగించాలో మీ మోడల్ వర్క్‌షాప్ మాన్యువల్‌లో ఉంటుంది. బిగువును కొలిచే టార్క్ పానా లేకపోతే ఆ ఒక్క పనికి దగ్గరి మెకానిక్ దగ్గరికి మెల్లగా పోండి.

ఒకటే కారుతున్నా రెండూ మార్చండి. ఒక పక్క కొత్తది, ఒక పక్క అరిగినది ఉంటే మలుపుల్లో బండి ఒక్కో పక్క ఒక్కోలా ఊగుతుంది. షోరూంవాళ్లు నాలుగూ అన్నారని నాలుగూ అక్కర్లేదు. జత చాలు, ముందు జతో వెనక జతో.

## ముందువి: ఎందుకు వద్దంటున్నానంటే

చిన్న కారులో కూడా ముందు ఒక్కో స్ప్రింగు మీద రెండు, మూడు వందల కిలోల బరువుంటుంది. స్ట్రట్ బయటికి తీశాక కూడా ఆ స్ప్రింగు నొక్కుకునే ఉంటుంది. పైన మధ్యలో ఉండే పెద్ద నట్టు ఒక్కటే దాన్ని పట్టి ఉంచుతుంది. కంప్రెసర్ సరిగా పట్టకుండా ఆ నట్టు విప్పితే స్ప్రింగు వదిలిన బాణంలా ఎగురుతుంది. చేతులు విరిగినవాళ్లు, మొహం పగిలినవాళ్లు ఉన్నారు. సన్న మరలున్న చవక కంప్రెసర్లు స్ప్రింగు మీద జారతాయి కూడా.

చేతిపని మీద ఇష్టం ఉన్నవాళ్లకు ఒక మధ్యేమార్గం ఉంది. స్ట్రట్‌ను మొత్తంగా మీరే దించండి, స్ప్రింగుతో సహా. బానెట్ కింద కనబడే చుట్టూ ఉన్న చిన్న నట్లు మాత్రమే విప్పాలి, మధ్య నట్టు ముట్టుకోవద్దు. కింద చక్రం హబ్బును పట్టే రెండు బోల్టులు ఎక్కడ కూర్చున్నాయో తీసే ముందు పెయింటుతో గుర్తు పెట్టండి. బ్రేకు గొట్టం క్లిప్పు, ఏబీఎస్ వైరు, లింక్ రాడ్డు విడదీయండి. హబ్బును తీగతో పైకి కట్టేయండి, లేదంటే అది బయటికి వాలి యాక్సిల్ జాయింటు ఊడుతుంది. ఆ స్ట్రట్‌లు రెండూ డిక్కీలో వేసుకుని ఆటోనగర్‌కు తీసుకుపోతే కంప్రెసర్ మీద పెట్టి, ఆ స్ప్రింగును కొత్త షాకప్‌కు ఎక్కించి ఇస్తారు. అయితే మీ బండి స్టాండ్ల మీద ఉంటుంది కాబట్టి పోవడానికి ఇంకో బండి కావాలి. నిజం చెప్పాలంటే ఇందులో మిగిలే పైసలు కొంచెమే. ఇది సరదా ఉన్నవాళ్ల దారి.

ఎవరు చేసినా, ముందువి మార్చాక అలైన్‌మెంట్ చేయించాల్సిందే. ఆ ఖర్చు మొదటే లెక్కలో వేసుకోండి.

## సామాను మనది, పని మెకానిక్‌ది

నేను ఎవరికైనా ముందు చెప్పే దారి ఇది. ఆటోనగర్‌లో చెయ్యి తిరిగిన మెకానిక్‌లకు షాకప్ మార్చడం రోజూ చేసే పని. తేడా వచ్చేది సామాను దగ్గరే.

సామాను మీరే కొనండి. బండి మోడల్, తయారైన ఏడాది, పెట్రోలా డీజిలా అన్నది దుకాణంలో చెప్పండి. ఇంజను బరువును బట్టి ముందు స్ట్రట్ మారుతుంది. కుడి, ఎడమ వేరుగా ఉంటాయి, రెండూ ఒకే వైపువి పట్టుకొచ్చేవాళ్లను చూశాను. బండి కంపెనీ పెట్టెలోదైనా సరే, గాబ్రియల్, మన్రో లాంటి పేరున్న షాకప్ కంపెనీలదైనా సరే. పెట్టె సీలు, ముద్రించిన ఎమ్మార్పీ, బిల్లు చూసుకోండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి కారు విడిభాగాల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి దిగింది. దుకాణంలో పాత ధర ముద్ర ఉన్న పెట్టె ఇస్తే ఈ మాట గుర్తుచేయండి. వారంటీ కావాలంటే బిల్లు లేకుండా కొనొద్దు.

షాకప్‌తో పాటు డస్ట్ కవర్, బంప్ స్టాపర్ (షాకప్ అడుగంటా గుద్దుకోకుండా ఆపే మెత్తటి ముక్క) కొత్తవి వేయించండి. ముందువాటికైతే పై మౌంటింగ్, దాని బేరింగ్ కూడా. ఇవి చవక, కానీ వీటి కోసం మళ్లీ విప్పితే లేబర్ మొత్తం మళ్లీ ఇవ్వాలి. పాత బంప్ స్టాపర్‌ను వేళ్లతో నలిపితే పొడి పొడిగా రాలుతుందా చూడండి. రాలితే ఆ షాకప్ గతుకుల్లో అడుగంటా గుద్దుకున్నట్టే, కారడానికి మూలం అదే కావచ్చు.

పని జరిగేటప్పుడు పక్కనే నిలబడండి. గాలి గన్నుతో పై నట్టు గిర్రున తిప్పుతుంటే "అన్నా, రాడ్డు పట్టుకుని చేత్తో బిగించవా" అని మెల్లగా చెప్పండి. మంచి మెకానిక్ నొచ్చుకోడు.

## షోరూం

వారంటీ ఉన్న బండికి వేరే ఆలోచనే వద్దు. ఇంట్లో విప్పారంటే రేపు ఇంకేదైనా పోయినప్పుడు వాళ్లకు సాకు దొరుకుతుంది. బీమా మీద ఆశ పెట్టుకోకండి, అరుగుదలకు బీమా రాదు. గుంతలో పడి చక్రం, ఆర్మ్, షాకప్ ఒకేసారి వంగితే అది ప్రమాదం కిందికి వస్తుంది. అప్పుడు బండి కదిలించకముందే ఫొటోలు తీసి బీమా కంపెనీకి చెప్పండి.

వారంటీ దాటాక షోరూంకు పోతే ఒకటే మాట అడగండి: "ఏది కారుతోందో లిఫ్టు మీద చూపించండి." చూపించినదాని జత మార్పించుకోండి.

## ఎవరికి ఏది

హన్మకొండలో అపార్ట్‌మెంట్‌లో ఉండి, సెలవులకు రామప్పకో లక్నవరానికో పోయివచ్చేవాళ్లకు మెకానిక్ దారే మంచిది. సెల్లార్‌లో స్టాండ్లు పెట్టి బండి విప్పితే అసోసియేషన్‌వాళ్లతో ఇంకో తలనొప్పి.

కిరాయి బండి నడిపేవాళ్లకు షాకప్ ధర కంటే బండి నిలిచిన రోజు ధర ఎక్కువ. జత షాకప్‌లు ముందే కొని ఇంట్లో ఉంచుకుని, గిరాకీ లేని రోజు చూసి మార్పించుకోవడం మేలు. మేడారం జాతర ఏడు అయితే జాతరకు ముందే. జనంతో, సామానుతో నిండిన బండిని ఆ రద్దీలో కారే షాకప్‌తో తోలడం ప్రయాణికులకు కూడా అన్యాయం.

నర్సంపేట, పరకాల వైపు డిక్కీలో ఎరువు బస్తాలో, ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి బస్తాలో వేసుకుని తిరిగేవాళ్లు వెనకవి ఇంట్లో మార్చుకోవడం నేర్చుకుంటే కలిసొస్తుంది. పదేపదే పోయేవి అవే. ఇంటి ముందు కల్లమో సిమెంటు వాకిలో ఎలాగూ ఉంటుంది. మార్చేటప్పుడు స్ప్రింగు కుంగిందేమో కూడా చూసుకోండి.

ఏడాదిలో అమ్మేసే పాత బండి అయితే? వెనకవి కారుతుంటే పేరున్న కంపెనీ సామానుతో బయట మార్పించండి. కొనేవాడు నొక్కి చూసేది వెనక మూలనే.

ఇక అసలుసిసలు హైడ్రాలిక్ సస్పెన్షన్ సంగతి. 1955లో ఫ్రెంచి కంపెనీ సిట్రోయెన్ తెచ్చిన డీఎస్ కారుతో పేరుకొచ్చిన ఆ పద్ధతిలో ఇనుప స్ప్రింగే ఉండదు. నైట్రోజన్ నింపిన గోళాలు, ఎత్తు సరిచేసే పంపు, బండి అంతటా తిరిగే ఒత్తిడి ఆయిల్, అదే ఆయిల్‌తో బ్రేకులు కూడా. 2021లో మన దేశానికొచ్చిన అదే కంపెనీ కారు సీ5 ఎయిర్‌క్రాస్‌లో హైడ్రాలిక్ కుషన్లు ఉన్నాయని చూసి అదే అనుకోకండి. దానిలో ఉన్నది మామూలు షాకప్పే, ఆట చివర గుద్దుకోకుండా లోపల అదనపు హైడ్రాలిక్ అడ్డు ఉంటుంది. పైన ముందు స్ట్రట్‌కు చెప్పిందంతా దానికీ వర్తిస్తుంది, ధర మాత్రం వేరు. పెద్ద లగ్జరీ బండ్ల ఎయిర్ సస్పెన్షన్ కారదు, గాలి పోతుంది. రాత్రి నిలిపిన బండి పొద్దునకు ఒక మూల కుంగి ఉంటే రబ్బరు సంచి మీద సబ్బు నీళ్లు చల్లి బుడగలు చూడటం వరకే మీ పని.

మార్చిన బండిని రెండు మూడు వందల కిలోమీటర్లు తిప్పాక నట్లన్నీ ఒకసారి బిగువు చూసుకోండి. మెల్లగా గతుకు ఎక్కేటప్పుడు టక్‌మని శబ్దం వస్తే పై నట్టో లింక్ రాడ్డో వదులుగా ఉంది. తీసిన పాత షాకప్‌లు పాత ఇనుము దుకాణానికి ఇచ్చేటప్పుడు లోపల గ్యాసు ఉందని చెప్పి ఇవ్వండి, గ్యాస్ కట్టర్‌తో కోసేవాడికి ఆ మాట కావాలి.